మైల అంటని రోకలి

నేను ఒక రోకలిని. పనస చెక్కని. వయసు యాభై మూడు. పెద్దగా చదువుకోలేదు. నా చదువంతా రోలు అడుగు వరకే. అందుకని తత్వాలూ అవీ చెప్పను. నేను వేసిన దెబ్బలు చెబుతాను, నా తల మీద పడ్డవి చెబుతాను, మధ్యలో చూసిన మనుషుల గురించి కాస్త చెబుతాను. నచ్చకపోతే పేజీ తిప్పేయండి. అద్దాల పెట్టెలో పడుకున్న నాకు కొత్తగా పోయేదేం లేదు.

మాది వియత్నాం. ఉత్తరాన ఫూ థో అనే సీమలో, తేయాకు గుట్టల మధ్య, న్గియా లిన్ అనే కొండ ఉంది. మీ తిరుమల పక్కన నిలబెడితే పిల్లకొండ. అయినా దాని ముందు దేశమంతా తల వంచుతుంది. ఎందుకంటే పైన గుళ్ళో ఉన్నది ఆ జాతికంతా తాతలు. హుంగ్ రాజులు.

కథ ఏమిటంటే, సముద్రంలోంచి వచ్చిన లాక్ లాంగ్ క్వాన్ అనే డ్రాగన్ రాజు కొండల్లోంచి దిగిన అవ్ కో అనే దేవకన్యని పెళ్ళాడాడు. ఆమెకి ఒకే సంచిలో నూరు గుడ్లు పుట్టాయి. నూరు గుడ్లలోంచి నూరుగురు కొడుకులు. కొన్నాళ్ళకి ఆయనకి నీళ్ళ మీద బెంగ పట్టుకుంది, ఆవిడకి కొండల మీద బెంగ పట్టుకుంది. నీకు యాభై మంది, నాకు యాభై మంది అని పంచుకుని ఎవరి దారిన వాళ్ళు వెళ్ళిపోయారు. కోర్టు లేదు, పెద్దమనుషులు లేరు, అత్తగారు లేరు, అందుకే అంత శుభ్రంగా తేలిపోయింది. కొండకి వెళ్ళినవాళ్ళలో పెద్దవాడు మొదటి హుంగ్ రాజు. ఇప్పుడున్న పది కోట్ల మందీ ఆ గుడ్ల సంతానమేనని నమ్మకం. అంటే అందరూ అన్నదమ్ములు. మా రోడ్ల మీద మోటార్ సైకిళ్ళు తోలే తీరు చూస్తే మాత్రం ఆ ఛాయలు కనపడవు.

తరవాతెప్పుడో ఒక హుంగ్ రాజు గద్దె ఎవరికివ్వాలో తేల్చడానికి కొడుకులకి పరీక్ష పెట్టాడు. తాతలకి పెట్టదగ్గ వంటకం ఎవరు తెస్తే వాడే రాజు. మిగతావాళ్ళంతా అడవి మీదా సముద్రం మీదా పడ్డారు. లాంగ్ లియేవ్ అనే తల్లిలేని పిల్లవాడికి మాత్రం ఇంట్లో జిగురు బియ్యం తప్ప ఏమీ లేదు. దాంతోనే రెండు చేశాడు. నలుపలకల రొట్టె భూమి అన్నాడు. తెల్లగా గుండ్రంగా ఉన్నది ఆకాశం అన్నాడు. గద్దె అతనికే వచ్చింది. అప్పట్నుంచీ ఏటా మూడో నెల పదో తిథినాడు కొండ మీద తాతలకి ఆ రెండూ పెడతారు. ఆ ఆకాశాన్ని దంపేది మేము. లాంగ్ లియేవ్ తల్లిలేనివాడన్న సంగతి కాస్త గుర్తుపెట్టుకోండి. మా కమిటీవాళ్ళకి గుర్తులేదు.

ఇక నా పుట్టుక. కొండకి ఆరు మైళ్ళ దూరంలో గో వాయ్ అనే పల్లె. అక్కడ ఒక పనస చెట్టు గాలివానకి పడింది. మొద్దు మంచి పసుపు రంగులో ఉందని వడ్రంగులు దాన్ని ఊరి పల్లకీకి పీట చేశారు. పక్క కొమ్మని సూ అనే కుర్రరైతు భుజాన వేసుకుపోయి నన్ను చెక్కాడు. ఒకే చెట్టు, ఒకే వేరు. మా అన్న ఎర్రరంగూ బంగారు రేకూ పూసుకుని ఏడాదికొక్కసారి ఊరేగుతాడు. వాడికి మనుషులు దణ్ణం పెడతారు. నా మెడ పట్టుకుని వేడివేడి అన్నంలో ముంచుతారు. తేడా ఎక్కడ వచ్చిందంటే, ఎవరి చేతిలో పడ్డామన్న దాంట్లో వచ్చింది. అంతకుమించి ఏదైనా కారణం ఉంటే నాకు చెప్పండి.

ఆకాశం దంపడం తేలికనుకోకండి. జిగురు బియ్యం నానబెట్టి, ఆవిరి మీద ఉడికించి, పొగలు కక్కుతుండగానే రాతి రోట్లో పోసి, ఇద్దరు మనుషులు రెండు రోకళ్ళతో దెబ్బ తప్పకుండా దంపాలి. నా తలకి పోక మట్ట తొడిగి, అంటుకోకుండా గుడ్డు పచ్చసొన రాస్తారు. ఎక్కువ రాస్తే ముద్ద పసుపెక్కుతుంది. తక్కువ రాస్తే నేను ముద్దలోనే ఉండిపోతాను. చల్లారితే అయిపోయినట్టే, దేవుడొచ్చినా ఆ గింజ మెత్తబడదు. నూరు గుడ్లలోంచి పుట్టామని చెప్పుకునేవాళ్ళు పండగపూట రోకలికి గుడ్లు పూయడం చూసి నేను నవ్వుకునేవాణ్ణి.

సూ మంచి దంపరి. మొదటి ఏడాది అతని అరచేతులు బొబ్బలెక్కి చితికాయి. నా మెడ అంతా ఎర్రగా తడిసింది. తుడిచాడు గానీ, చెక్క పీల్చుకున్నది ఎక్కడికి పోతుంది? ఆ సంగతి మళ్ళీ వస్తుంది.

మూడేళ్ళకి అతని పెళ్ళాం జ్వరంతో పోయింది. మూడేళ్ళ పిల్ల మిగిలింది. పేరు ముయ్. దంపడం అయ్యాక నా తలకి అంటుకున్న చివరి ముద్ద దంపినవాళ్ళదే. సూ దాన్ని గోటితో వొలిచి, ఊదుకుంటూ చల్లార్చి, కూతురి నోట్లో పెట్టేవాడు. రోకలి ముద్ద అనేవాళ్ళు దాన్ని. తాతలకంటే ముందు తిన్న మనిషి ఆ ఊళ్ళో ముయ్ ఒక్కతే.

కొండకి ఆకాశం పంపే వంతు మా ఊరికి నాలుగేళ్ళకోసారి వస్తుంది. మైలలో లేనివాళ్ళెవరైనా దంపవచ్చు. కానీ పళ్ళెం నెత్తిన పెట్టుకుని మెట్లెక్కేవాళ్ళ సంగతి వేరు. వాళ్ళ ఇల్లు నిండుగా ఉండాలి. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ బతికుండాలి, కొడుకూ కూతురూ ఇద్దరూ పుట్టుండాలి, ఇంట్లో చావు ఉండకూడదు. సూ పెళ్ళాం చచ్చిపోయింది కదా. అందుకని యాభై ఏళ్ళూ అతను దంపుతూనే ఉన్నాడు, ఒక్కసారి కూడా మోయలేదు. అతను చేసిన ఆకాశాన్ని నిండు ఇళ్ళవాళ్ళు మోసుకెళ్ళేవాళ్ళు. అతను గేటు దాకా సాగనంపి, రోలు కడగడానికి తిరిగొచ్చేవాడు.

ఈసారి వంతుకి ముయ్ పేరు వచ్చింది. ఆమెకి యాభై దాటాయి. తుక్ అనే మొగుడున్నాడు, నోట్లో మాట తక్కువా పని ఎక్కువా ఉన్న మనిషి. కొడుకున్నాడు, కూతురుంది. ముసలాయన ఆ కబురు విని మంచం మీద లేచి కూర్చున్నాడు. అప్పటికే ఊపిరితిత్తులు పాడయ్యి మూడు నెలలు.

"పదో తిథి దాటేదాకా చావను," అన్నాడు.

"ఆ తరవాత మాత్రం ఎందుకు నాన్నా?" అంది ముయ్.

"ఆ తరవాత నా ఇష్టం. ఒకవేళ ముందే పోయాననుకో, ఎవరికీ చెప్పకు. గడ్డివాములో దాచెయ్. పళ్ళెం పైన పెట్టి వచ్చాక తీరిగ్గా ఏడువు."

"నిన్ను దాచడానికి గడ్డివాము చాలదు. నీ దగ్గు సగం ఊరికి వినపడుతుంది."

"చచ్చాక దగ్గనే పిచ్చిదానా!"

ఇద్దరూ నవ్వారు. నేను వంటింటి మూల నిలబడి విన్నాను. అతను పంతం మనిషి, నెగ్గుతాడనే అనుకున్నాను. మూడు రోజుల తేడాతో ఓడిపోయాడు. ఏడో తిథి పొద్దున గంజి తాగుతూ ఆగిపోయాడు. ముయ్ తండ్రి మాట నిలబెట్టాలనే అనుకుంది పాపం. చొక్కా అంచు నోట్లో కుక్కుకుని తలుపేసింది. కానీ గంజి గిన్నె చూసింది. సగం తాగి ఉంది. అంతే, ఒక్క కేక పెట్టింది. ఒక్కటే. వీధిలో మూడిళ్ళకి వినపడింది. ఇంకేముంది, మధ్యాహ్నానికి ఆమె తలకి చావింటి తెల్లపట్టీ, గుమ్మానికి తెల్లగుడ్డ.

సాయంత్రానికి కమిటీ కూర్చుంది. కమిటీ పెద్ద ఖ్వాత్. రిటైరైన గుమాస్తా. సంతకం పెట్టందే తుమ్మడు కూడా. ముయ్ పేరు కొట్టేయడానికి వాళ్ళకి రెండు నిమిషాలు పట్టింది. నా గురించి గంటన్నర పట్టింది. ఎందుకంటే ఊళ్ళో మిగతా రోకళ్ళన్నీ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి. ఉన్న జత మేమే. నా జంట రోకలి వేరే చెట్టుది, మాటకారి కాదు, అందుకే ఇంతవరకూ చెప్పలేదు.

"రోకలి ఎక్కడుంది?" అని ఖ్వాత్ అడిగాడు.

"సూ ఇంట్లోనే."

"శవం ఉన్నప్పుడు కూడానా?"

"శవం ముందు గదిలో, రోకలి వంటింట్లో."

"మధ్యలో గోడుందా?"

"తడికుందండీ."

"తడిక గోడ కింద లెక్కా, కాదా?"

దీని మీద కాసేపు పోట్లాడుకున్నారు. చివరికి ఒక ముసలాయనకి విసుగొచ్చింది. "ఏమయ్యా, రోకలి ఏడ్చిందా? తలకి పట్టీ కట్టుకుందా? మరి మైల ఎక్కడ్నించి వచ్చింది?" అన్నాడు. ఖ్వాత్ కళ్ళజోడు సర్దుకుని తీర్మానం రాశాడు: రోకలికి మృతునితో రక్తసంబంధం లేనందున మైల వర్తించదు. అందరూ సంతకాలు చేశారు. తరవాత దాల్చిన చెక్కా అనాసపువ్వూ వేసి మరిగించిన నీళ్ళతో నాకు స్నానం చేయించారు. శుద్ధి అట. మీవాళ్ళెవరైనా పక్కన ఉంటే బిర్యానీ వండుతున్నారనుకునేవాళ్ళు.

నా తలకి ఎన్ని నీళ్ళు పోసినా ఒక్కటి మాత్రం ఎక్కలేదు. కొండ మీద ఉన్నవాళ్ళూ చచ్చినవాళ్ళే. సూ కూడా చచ్చినవాడే. చచ్చి నాలుగు వేల ఏళ్ళయితే తాత, మూడు రోజులైతే మైల. మధ్యలో ఎన్నో ఏడాది నుంచి మనిషి శుభ్రపడతాడో కమిటీలో ఎవరూ అడగలేదు.

తొమ్మిదో తిథి పొద్దున దంపుడు. సూ బదులు దంపడానికీ, ముయ్ బదులు మోయడానికీ దాత్ అనేవాణ్ణి పిలిపించారు. పట్నంలో హెల్మెట్లు అమ్ముతాడు. వాడి అర్హత ఏమిటంటే, వాడింట్లో అందరూ బతికే ఉన్నారు. అమ్మ, నాన్న, పెళ్ళాం, కొడుకు, కూతురు, చివరికి పిల్లి కూడా. వాడికి తోడు అలాంటివాడే ఇంకొకడు. ఊరి సభామందిరం వాకిట్లో రోలు పెట్టారు. పట్టు అంగీలు తొడుక్కుని వచ్చారిద్దరూ. దాత్ నన్ను పట్టుకోగానే తెలిసిపోయింది. అరచేతులు పసిపిల్లల బుగ్గల్లా ఉన్నాయి.

ఒకడు దంపే వేళకి రెండోవాడూ దంపాడు. నేనూ నా జంటా గాల్లోనే గుద్దుకున్నాం. అంటుకుంటుందని భయపడి దాత్ పచ్చసొన గిన్నెడు పోశాడు. తెల్లగా ఉండాల్సిన ఆకాశానికి కామెర్లొచ్చాయి. గింజ గింజలాగే ఉండిపోయి, ముద్ద చల్లారిపోయింది. మొదటి వాయి కుక్కలకి పెట్టారు. అవి కూడా ఆలోచించి తిన్నాయి. మిగిలింది ఇంకొక్క వాయి బియ్యం. పక్క ఊరివాళ్ళు మిషన్లో పిసికిన ముద్దతో సిద్ధంగా ఉన్నారు. మేము చేతులెత్తేస్తే వంతు వాళ్ళకి పోతుంది, ఇంక తిరిగి రాదు.

రెండో వాయి రోట్లో పడింది. దాత్ నన్ను ఎత్తాడు.

"ఒరే దాత్! అది రోకలిరా, జెండా కర్ర కాదు. నడుము దగ్గరికి పట్టు!"

అందరూ తల తిప్పారు. కంచె అవతల, రోడ్డు మీద, తెల్లపట్టీతో ముయ్ నిలబడి ఉంది. ఆమె ఇల్లు ఎదురుగానే.

ఖ్వాత్ చేతులు ఊపుకుంటూ వెళ్ళాడు. "అమ్మాయ్, నువ్వు లోపలికి రాకూడదమ్మా. నీకు తెలీని విషయమా?"

"వచ్చానా బాబాయ్? రోడ్డు మీదే ఉన్నా. రోడ్డు కూడా కమిటీదేనా?"

"నీ గొంతు లోపలికొస్తోంది కదే."

"గొంతుక్కూడా పట్టీ కట్టమంటావా?"

నవ్వకూడదని తెలిసీ ఇద్దరు ముగ్గురు నవ్వారు. ఖ్వాత్ మెత్తబడ్డాడు. "మీ నాన్న నాకూ అన్న లాంటివాడే. నేనేం చెయ్యను? నియమం అది. నిండు ఇంటివాళ్ళే తాతల దగ్గరికెళ్ళాలి."

"లాంగ్ లియేవ్‌కి తల్లి లేదు బాబాయ్. ఇది మొదట చేసినవాడు అతనే. అతనొస్తే అతన్నీ ఈ కంచె బయటే నిలబెడతావా?"

ఖ్వాత్ చాలా నిజాయితీగా జవాబు చెప్పాడు. "అప్పుడు కమిటీ లేదమ్మా."

వెనక దాత్ ఇంకో దెబ్బ వేశాడు. నేను ముద్దలో దిగబడి నిలబడిపోయాను. వాడు లాగుతున్నాడు, రోలే కదులుతోంది. పొగ తగ్గుతోంది. ఖ్వాత్ రోటికేసి చూశాడు, కంచెకేసి చూశాడు, గడియారం చూసుకున్నాడు. గుమాస్తా బుర్ర ఎంతైనా గుమాస్తా బుర్ర.

"ఆవిడ లోపలికి రాకూడదని ఉంది," అన్నాడు మెల్లగా. "రోలు బయటికి పోకూడదని ఎక్కడా లేదు."

ఆరుగురు కలిసి రాతి రోటిని ఎత్తి, గేటు దాటించి, రోడ్డు మధ్యలో పెట్టారు. అటూ ఇటూ మోటార్ సైకిళ్ళు ఆగిపోయి హారన్లు మోగిస్తున్నాయి. తుక్ ఇంట్లోంచి వచ్చి నా జంట రోకలి అందుకున్నాడు. "ముప్పై ఏళ్ళ కాపురంలో మనిద్దరం కలిసి రోడ్డున పడడం ఇదే మొదటిసారి," అన్నాడు పెళ్ళాంతో. ఆ మనిషి ఆ ఏడాది మాట్లాడిన మాటల్లో అదే పొడుగైనది.

ముయ్ నా మెడ పట్టుకుంది. ఆ పట్టు తండ్రిదే. బొటనవేలు అక్కడే, చిటికెనవేలు అక్కడే. ఒక దెబ్బ ఆమెది, ఒక దెబ్బ తుక్‌ది. గడియారం లోలకంలా నడిచింది. మూడు రోజులుగా ఎలా ఏడవాలో, ఎటు తిరిగి ఏడవాలో, ఎప్పుడు ఆపాలో పెద్దవాళ్ళు ఆమెకి చెబుతూనే ఉన్నారు. ఎలా దంపాలో చెప్పడానికి మాత్రం ఎవరికీ చేతకాలేదు. పావుగంటలో గింజ మాయమైంది. ఆకాశం తెల్లగా, నునుపుగా, ఊపిరి పీలుస్తున్నట్టు రోట్లో కూర్చుంది. హారన్లు ఎప్పుడు ఆగిపోయాయో నేను గమనించలేదు.

నా తలకి అంటుకున్న చివరి ముద్దని ముయ్ గోటితో వొలిచింది. నోట్లో పెట్టుకోలేదు. అరిటాకు ముక్కలో చుట్టి, పైన బొటనవేలితో నొక్కింది. పండగకి చుట్టే పొట్లాల మీద వాళ్ళ నాన్న అలాగే ముద్ర వేసేవాడు. దాన్ని జేబులో వేసుకుని వెళ్ళిపోయింది. రోలు మళ్ళీ లోపలికెళ్ళింది, బిర్యానీ నీళ్ళతో ఇంకో స్నానం చేసింది. సాయంత్రం ఫోటోవాళ్ళు వచ్చారు. దాత్ పట్టు అంగీ సర్దుకుని, నన్ను ఎత్తి పట్టుకుని, చెమట కోసం మొహాన నీళ్ళు చల్లుకుని మరీ నిలబడ్డాడు.

మర్నాడు పదో తిథి. ఏటా ఆ రోజు తుంపర పడుతుంది. ఫోటోలకి బాగుంటుందని ఈసారి నన్ను కూడా ఎర్రగుడ్డలో చుట్టి పల్లకీలో మా అన్న మీద పడుకోబెట్టారు. యాభై ఏళ్ళ తరవాత కలిశాం. వాడు నన్ను గుర్తుపట్టలేదు, బంగారు రేకు కళ్ళకి అడ్డమొచ్చినట్టుంది. మెట్లు వందల కొద్దీ. జనం చీమల్లా ఉన్నారు. లక్షల మంది. వాళ్ళలో ఎవరింట్లో ఎవరు ఎప్పుడు పోయారో అడిగిన నాథుడు లేడు. టికెట్ ఉంటే చాలు.

పై గుడి ముందు తాడు కట్టారు. తాడు లోపల ఖ్వాత్, దాత్, పెద్ద పళ్ళెంలో ఆకాశం. తాడు బయట జనం, ఊపిరాడనంత. వెనకున్నవాళ్ళు తెచ్చిన పళ్ళూ పూలూ అగరొత్తులూ తలల మీదుగా చేయి మార్చుకుంటూ ముందుకు పంపుతున్నారు. ఆ తలల్లో ఒక తలకి నీలం హెల్మెట్ ఉంది.

కాపలా కుర్రాడు కూడా చూశాడు. "అత్తా, కొండ మీద హెల్మెట్ ఏంటి?"

"జనం తోస్తున్నారు నాయనా. పడితే తల పగలదూ?" అంది ముయ్. హెల్మెట్ కింద తెల్లపట్టీ ఉందని నాకు తెలుసు.

ఆమె జేబులోంచి అరిటాకు పొట్లం తీసి ముందున్నవాడి చేతికిచ్చింది. అది ఒక సైనికుడి చేతి మీదుగా, ఒక గర్భిణి చేతి మీదుగా, ఎవరో పట్నం పెద్దమనిషి చేతి మీదుగా వచ్చి, ఆఖరికి ఖ్వాత్ రెండు చేతుల్లో పడింది. పెద్దమనిషి ఇచ్చాడు కదా అని వంగి కళ్ళకద్దుకున్నాడు. కళ్ళు తెరిచేసరికి ఆకు మీద బొటనవేలి ముద్ర. యాభై ఏళ్ళు సూతో కలిసి పండగ చేసిన మనిషికి ఆ ముద్ర ఎవరిదో చెప్పక్కర్లేదు. తలెత్తి చూశాడు. నీలం హెల్మెట్ కదలకుండా నిలబడి ఉంది.

డప్పులు మోగుతున్నాయి. కెమెరాలు చూస్తున్నాయి. వెనక్కిస్తే ఎందుకో చెప్పాలి. ఎందుకో చెబితే రోడ్డు మీది రోలు సంగతి బయటికొస్తుంది. పారేద్దామంటే కళ్ళకద్దుకున్నాడు అప్పటికే. ఖ్వాత్ లోపలికి నడిచాడు. పెద్ద పళ్ళేన్ని పక్కకి జరిపి, పొట్లాన్ని తాతల ముందు, సరిగ్గా మధ్యలో పెట్టాడు. భయంతో పెట్టాడో, సూ గుర్తొచ్చి పెట్టాడో నాకు తెలీదు. మనుషుల మొహాల్లో ఆ రెండిటికీ తేడా నేను ఇప్పటికీ పట్టుకోలేను. తిరిగొచ్చాక మాత్రం చాలాసేపు కళ్ళజోడు తుడుచుకున్నాడు. తుంపర పడుతోంది కదా, దానికీ అవకాశం ఉంది.

నీలం హెల్మెట్ ఒక్కసారి కిందికి వంగింది. తరవాత జనంలో కలిసిపోయింది.

ఆ ఏడాది కుదిరినంత బాగా ఆకాశం ఎప్పుడూ కుదరలేదని అందరూ అన్నారు. శుచి పాటించడం వల్లే కుదిరిందని ఖ్వాత్ సభలో చెప్పాడు. చెబుతూ నీళ్ళు రెండుసార్లు తాగాడు. ఆ ఊపులోనే నన్ను ఊరి ప్రదర్శన గదిలో అద్దాల పెట్టెలో పెట్టారు. ఇప్పుడు దంపుడు కూడా లేదు, కరెంటు మిషన్ తెచ్చారు. దానికి తల్లి లేదు, తండ్రి లేదు, దానింట్లో ఎవరూ చావరు. కమిటీకి ఇన్నాళ్ళకి సరైన భక్తుడు దొరికాడు.

నా కింద చీటీ ఒకటి ఉంది. కిందటి వారం ముయ్ వచ్చి కళ్ళజోడు పెట్టుకుని పైకే చదివింది. "నిండు ఇళ్ళకి చెందిన శుచి గల పురుషులు మాత్రమే తరతరాలుగా వాడిన రోకలి." చదివి, అద్దం మీద వేళ్ళు ఆనించింది.

"విన్నావా నాన్నా, నీ ఇల్లు నిండిందట," అంది.

ముట్టుకోకూడదని గది కాపలావాడు అరిచాడు. ఆమె వెళ్ళిపోయింది. అద్దం మీద బొటనవేలి ముద్ర ఉండిపోయింది. దాన్నింకా ఎవరూ తుడవలేదు.

చీటీ పక్కనే కమిటీ తీర్మానం కూడా పటం కట్టి పెట్టారు, అందరి సంతకాలతో. రోకలికి రక్తసంబంధం లేదని. రోజూ దాని ఎదురుగానే పడుకుని ఉంటాను. మొదటి ఏడాది సూ అరచేతుల్లోంచి కారి నా మెడలోకి ఇంకిందేమిటో గంటన్నర సేపు కూర్చున్న కమిటీలో ఒక్కడూ అడగలేదు. అడిగితే చెప్పేవాణ్ణి. నేనింకా మైలలోనే ఉన్నాను.